కింది అద్దం పట్టీ

మా పెద్ద మేస్త్రీ గారు పోయారు. సనత్‌నగర్ నుంచి వాళ్లబ్బాయి పొద్దున్నే ఫోన్ చేసి, "అబ్బా పోయిండు సార్. దోపహర్ నమాజ్ అయినంక తీస్కపోతం" అన్నాడు. మధ్యాహ్నం వెళ్లి పిడికెడు మట్టి వేసి వచ్చాను.

అమీర్‌పేటలో మెట్రో లైను వెనుక సందులో మేస్త్రీ గారూ నేనూ కొన్నేళ్ల కిందట ఒక బడి కట్టాం. నేను సైటు సూపర్‌వైజర్ని. హరిత భవన ప్రమాణాల ప్రకారం కట్టాలన్నారు. ఆ నియమాల పుస్తకానికి ఆయన పెట్టిన పేరు 'హరా కితాబ్', పచ్చ పుస్తకం. ఆయనకు చదువు రాదు. భోజనాలయ్యాక, "జర హరా కితాబ్ చదువుండ్రి సార్" అనేవారు. చదివేవాణ్ణి. ఎండ ఆపే ఛజ్జా వెడల్పు, వాన నీటి గుంత, ఘాటు వాసన రాని రంగులు. విన్నది మరిచేవారు కాదు. సిమెంటు పారబోసిన వాణ్ణి, "ఏంరా, ఫ్యాక్టరీ మీ మామదా?" అనేవారు.

ఒక్క నియమం మాత్రం రెండుసార్లు చదివించుకున్నారు. కూర్చున్న పిల్లలకు కిటికీలోంచి బయట కనబడాలి.

తప్పు నాది. ఇళ్లు కట్టించిన అలవాటుతో ఒకటో తరగతి గదిలో కిటికీల కింద గోడ మూడడుగులు పెట్టించాను. ఆర్కిటెక్టు గీసిన నక్షాలో రెండే. ఫ్రేములకూ నా కొలతే ఇచ్చాను. అవి బిగించాక మేస్త్రీ గారు సిమెంటు మోసే ఇనుప గమేళా బోర్లించి దాని మీద కూర్చున్నారు. పొట్టి మనిషి. అలా కూర్చుంటే తన కన్ను బల్ల మీది పిల్లవాడి కన్నంత ఎత్తుకు వస్తుందని ఆయన లెక్క.

"సార్, నాకు గోడ కనబడ్తుంది. గంతే."

హరిత భవన తనిఖీ నాలుగు రోజుల్లో ఉంది. "వచ్చేవాళ్లు అద్దం కొలుస్తారండీ, గమేళా ఎక్కి కూర్చోరు" అన్నాను.

"వాళ్లు కూసోరు. పోరగాండ్లు కూసుంటరు గదా, ఏడాదంతా."

నాకు అంతకు ముందు ఒక చోట ఉద్యోగం పోయింది. ఇంకోటి పోతే ఊరికి వెళ్లి ఏం చెప్పాలో తెలియదు. అయినా తప్పు చెప్పుకోవడానికి పంజాగుట్టలోని ఆర్కిటెక్టు మేడమ్ ఆఫీసుకు వెళ్లాను. ఆయన చేతులు కడుక్కుని వెంట వచ్చారు. నేను నోరు తెరిచేలోపే, "ఇద్దరి తప్పు మేడమ్. సార్ చెప్పిండు, నేను కట్టిన" అన్నారు.

ఆమె నన్ను కాదు, ఆయన్ని అడిగింది. "ఫ్రేములు మార్చే టైమ్ లేదు. ఏం చేద్దాం?"

"ఫ్రేము గట్లనే ఉంచి, కింద అడుగు గోడ కొట్టి అద్దం పెడ్దం. ఫికర్ చెయ్యకుండ్రి."

మూడు రోజుల్లో ఆరు కిటికీలు. పగిలిన ఇటుక ముక్కల్ని బయట పారేయనివ్వలేదు. వాన నీటి గుంత అడుగున పరిపించారు. తనిఖీ దాటింది. నా ఉద్యోగం నిలిచింది. అప్పటి నుంచి ఏ బడి కట్టినా గమేళా మీద కూర్చుని చూస్తున్నాను. కూలీలు నవ్వుతారు. నవ్వనీ. మళ్లీ ఆ తప్పు చేయలేదు.

మట్టి వేసి వస్తూ ఆ బడికి వెళ్లాను. పిల్లలు ఇళ్లకు వెళ్లిపోయారు. ఆయా కిటికీలు తుడుస్తోంది.

"పై అద్దాలు వారానికోసారి తుడుస్త సార్. గీ కింది పట్టీ రోజూ తుడుస్త. తెల్లారితే మల్లా గంతే."

ఒకటో తరగతి బల్ల మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాను. ఆమె గుడ్డ ఇంకా తగలని పట్టీ నిండా చిన్న చిన్న వేళ్ల ముద్రలు. వాటి మధ్యలోంచి గోడ అవతలి వేపచెట్టు కనబడుతోంది, దాని వెనుక మెట్రో రైలు వెళ్తోంది.