టీచరమ్మ పెట్టిన దురాయి

మా అక్క ఇందుకూరుపేట దగ్గర ఒక బడిలో ముప్పై ఏళ్లు సోషల్ చెప్పి, రిటైరయ్యాక నవల మొదలుపెట్టింది. ఒక నియంత ఏలే దేశం కథ. అక్కడ సైరన్ మోగితేనే జనం పొయ్యి వెలిగించాలి, మళ్లీ మోగితే ఆర్పేయాలి. నియంతను ఊహించడానికి ఆమె పెద్దగా కష్టపడి ఉండదు. చిన్నప్పుడు నేను అన్నం కలుపుకునే తీరు మీద కూడా ఆమె ఆజ్ఞలుండేవి.

రాసింది నాకు చూపించేది గాని ఒక్క మాట మార్చనిచ్చేది కాదు. ఒకసారి కామా పెట్టబోతే పెన్ను లాక్కుంది. "నా నోటుపుస్తకం మీద నీ చెయ్యి పడకూడదు. నేను పోయినా సరే" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. ఆర్నెల్లకు ఆమె పోయింది.

నవల చివరి అధ్యాయం మొదటి పేజీలోనే ఆగిపోయింది. నియంత పారిపోయాడు. తెల్లవారింది. సైరన్ మోగలేదు. అంతే. కావలిలో పుస్తకాలు వేసే మిత్రుడు రెండుసార్లు ఫోన్ చేశాడు. ముగింపు లేకుండా అచ్చు వేయలేనని, తమ్ముడివి కాబట్టి నువ్వే రాయమని. అక్క రాసింది ఆ ఒక్క పుస్తకమే. అది అచ్చు కాకపోతే ఆమెది ఇంకేమీ మిగలదు. అయినా రోజూ నోటుపుస్తకం తెరిచి, పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టేసేవాణ్ణి. నాలుగు నెలలు అలాగే గడిచాయి. నాకు అరవై రెండేళ్లు.

ఆ నవలను విన్న మనిషి ఇంకొకరున్నారు, మైపాడు నుంచి మా వీధికి చేపలు తెచ్చే ఆవిడ. ఆమె వరండాలో పొలుసు తీస్తుంటే అక్క చదివి వినిపించేది. అక్క నా పెన్ను లాక్కున్న రోజు కూడా ఆమె అక్కడే ఉంది. అక్క పోయాక కూడా ఆమె రావడం మానలేదు. ఒకరోజు పొద్దున కత్తిపీట ముందేసుకుని అడిగింది.

"అన్నా, ఆ దేశమోళ్లు పొయ్యి వెలిగించినారా లేదా?"

"ఇంకా రాయలేదమ్మా."

"వెలిగించరులే. ఎవురు చెప్పినారు వాళ్లకి?"

అని వాళ్ల ఊరి సంగతి ఎత్తింది. ఊరి పెద్ద ఏదైనా కూడదని కట్టడి చేస్తే దాన్ని వాళ్లు దురాయి అంటారు. పెట్టినవాడే ఎత్తేయాలి. ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో ఏదో వల తగాదాలో పెద్దకు కోపం వచ్చి, పడవలు దించకూడదని దురాయి పెట్టాడు. రెండోరోజు ఆయనే పోయాడు.

"ఊరంతా పోయి సాగనంపినాం. మా మామ పాడె మోసినాడు. వచ్చి నీళ్లు పోసుకోని, మళ్లా పోయి ఒడ్డున కూసున్నాడు."

"ఎందుకు?"

"దురాయి ఉండాది గదన్నా. పెట్టినాయన ఎత్తేయలా."

"ఆయన పోయాడు కదా."

"అది మా మామకి తెలీదా? మోసినోడే గదా."

పదకొండు రోజులు కూర్చున్నారట. సముద్రం నిమ్మళంగానే ఉంది. మగవాళ్లు వలలు బాగుచేసుకుంటూ, పోయినాయన ఎంత మొండివాడో చెప్పుకున్నారు. చివరికి ఆయన భార్యే ఒడ్డుకు వచ్చి, "దినామూ చారు తాగలేక చస్తా ఉండా. ఇంట్లో ఆయన మాట నేనెప్పుడు విన్నా? పోండి" అందట. అప్పుడు దించారు పడవలు.

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"నువ్వు గూడా ఒడ్డునే ఉండావు గదన్నా" అంది కత్తిపీట కడుగుతూ. "టీచరమ్మ నీకన్నా ముందు నాకే చదివేది. ఆ దురాయి నేను ఎత్తేస్తుండా. రాయి."

ఆ వారమే రాశాను. నా ముగింపులో జనం వీధుల్లో పండగ చేసుకోరు. చల్లటి పొయ్యిల ముందు కూర్చుని సైరన్ కోసం చూస్తారు. మధ్యాహ్నానికి ఆ నియంత ఇంటి వంటమనిషి, ఆకలికి తాళలేక, తన పొయ్యి వెలిగిస్తుంది. పొగ చూసి పక్కింటివాళ్లు అగ్గిపెట్టె వెతుక్కుంటారు.

చేపలావిడకు చదివి వినిపించాను. ఆమె అంతా విని, "ఏం వొండింది?" అంది.

"అది రాయలేదు."

"టీచరమ్మయితే రాసుండేది."

ఏం వండాలో ఆమెనే అడిగి, ఎండు రొయ్యలు వేసిన వంకాయ కూర అని చేర్చి పంపాను. మిత్రుడు ఫోన్ చేసి, ఆ దేశానికి సముద్రం ఉన్నట్టు మీ అక్క ఎక్కడా రాయలేదే అన్నాడు.

"ఇప్పుడుంది" అన్నాను.