మా అక్క వెల్డింగ్ మిషను

మా అక్క దర్జీ. నలభై ఏళ్ళుగా కుడుతోంది. అలాంటి మనిషికి యాభై తొమ్మిదో ఏట వెల్డింగ్ మిషను కొనాలని బుద్ధి పుట్టింది. ఫోన్‌లో ఆ మాట వినగానే నేను ఒంటికాలి మీద లేచాను.

"మతి గానీ పోయిందా అక్కా? ఇంట్లో వెల్డింగేమిటి? ఒకపక్క గుడ్డపీలికలు, ఇంకోపక్క నిప్పురవ్వలు!"

"అరవడం అయిపోయిందా? రేపు పదింటికి మిషన్ల కొట్టు దగ్గరికి రా. కరెంటు సంగతులు నీకు తెలుసు కదా అని పిలుస్తున్నా," అని ఫోను పెట్టేసింది.

నాకు కరెంటు సంగతులు తెలుసు. ముప్పై రెండేళ్ళు కరెంటాఫీసులో పనిచేసి రిటైరయ్యాను. నోరు కాస్త పెద్దదే, ఒప్పుకుంటాను. మా బావ నాకు ఫ్యూజు అని పేరు పెట్టాడు. ముట్టుకుంటే చాలు ఎగిరిపోతానట.

ముందు బావ గురించి చెప్పాలి, ఈ గొడవంతా ఆయన కోసమే కాబట్టి. ఆయన కళ్ళజోళ్ళ అద్దాలు చేరవేసేవాడు. అద్దాలు అరగదీసే వర్క్‌షాపు నుంచి ఊళ్ళో ఉన్న కళ్ళజోళ్ళ కొట్లన్నిటికీ సైకిలు మీద తిరిగేవాడు. ఇరవై తొమ్మిదేళ్ళలో ఒక్క అద్దం పగలగొట్టలేదు. కొట్టువాడు పెట్టె విప్పి చూసుకుని సంతకం పెడితే గానీ అక్కణ్ణుంచి కదిలేవాడు కాదు. ఈ సంగతి రోజుకొకసారైనా మాకు చెప్పేవాడు, మేము చెవులు మూసుకునేవాళ్ళం. పోయినేడాది పక్షవాతం వచ్చింది. మాట తిరిగొచ్చింది. కుడిచెయ్యి సగం వచ్చింది. కుడికాలు మాత్రం రాలేదు. కర్ర పట్టుకుని గదిలోంచి వెనక వరండా దాకా వచ్చి కుర్చీలో కూలబడతాడు, అంతే. చక్రాల కుర్చీ తెప్పిస్తే, "నన్ను ఒకళ్ళు తోసుకెళ్ళాలా? ఇక్కడే పడుంటా," అని మొహం గోడవైపు తిప్పేసుకున్నాడు.

వ్యాయామం చేయించడానికి వచ్చే అమ్మాయి ఒకరోజు అక్కని వంటింట్లోకి పిలిచి, "ఆంటీ, ఆ కాలు కదలాలి. ఇలాగే ఇంకో ఆర్నెల్లు కూచుంటే ఉన్న బలం కూడా పోతుంది. ఆ తర్వాత నేను చెయ్యగలిగిందేమీ ఉండదు," అని మొహమాటం లేకుండా చెప్పేసింది.

"మూడు చక్రాల సైకిలు తొక్కితే?" అని అడిగింది అక్క.

"తొక్కగలిగితే ఇంకేం కావాలి?"

కొట్లలో దొరికే మూడు చక్రాల సైకిళ్ళన్నీ ఎత్తే. ఆ కాలితో వాటి మీదకి ఎక్కడం బావ వల్ల కాదు. గేట్లు చేసే మేస్త్రీని అడిగితే చేసిపెడతాను గానీ మనిషిని తీసుకురండి, కూచోబెట్టి చూసి రెండుమూడుసార్లు మార్చాలి అన్నాడు. బావ నలుగురి ముందు అలా కూచోడు. చచ్చినా కూచోడు. "ట్రయలు ఇంట్లోనే జరగాలి. అంటే మిషనూ ఇంట్లోనే ఉండాలి," అని అక్క తేల్చేసింది. మేస్త్రీ దగ్గర పనివాళ్ళందరికీ మందపాటి నూలు కోట్లు కుట్టిపెట్టి, అందుకు బదులుగా రెండు నెలలు మధ్యాహ్నాలు వాళ్ళ దగ్గరే వెల్డింగ్ నేర్చుకుంది. ఇదంతా నాకు తెలియకుండా! తోడబుట్టినవాణ్ణి, నాకు! చెబితే అరుస్తానని చెప్పలేదట.

మర్నాడు కొట్టుకి వెళ్ళాం. కొట్టాయన అక్కని వదిలేసి నాతో మాట్లాడడం మొదలుపెట్టాడు. "వ్యాపారానికా సార్?"

"కాదు. ఇంట్లో, సరదాకి," అంది అక్క.

అయినా ఆయన నావైపే తిరిగి, "అయితే ఇది తీసుకోండి సార్. రెండొందల యాభై ఆంప్స్. దీనికి తిరుగులేదు," అంటూ ఒక దళసరి ఇనపరేకు పెట్టి, స్కేలు పట్టి గీత గీసినట్టు అతికి చూపించాడు. అబద్ధమెందుకు, నాకు ముచ్చటేసింది. పెద్ద అంకె చూస్తే నాకు భక్తి. "ఇదే కట్టించెయ్యండి," అన్నాను.

అక్క సంచిలోంచి రెండు గొట్టం ముక్కలు తీసి బల్ల మీద పెట్టింది. సైకిలు కోసం తను ఎంచుకున్న గొట్టం అది, మందం ఒకటిన్నర మిల్లీమీటరు. "దీని మీద చేసి చూపించండి."

"అది పల్చనమ్మా..."

"నేను చేసేది దీంతోనే కదండీ."

ఆవిడ కుట్టుమిషను కొనేటప్పుడూ ఇంతే. కొట్టువాళ్ళు గంజి పెట్టిన బిరుసు గుడ్డ ఉంచుతారు, దాని మీద ఏ మిషనైనా బ్రహ్మాండంగా కుడుతుంది. అక్క తన పల్చటి గుడ్డ, తన దారం పట్టుకెళ్ళి కుట్టి చూస్తుంది. ఆ అలవాటే ఇక్కడికీ తెచ్చింది.

కొట్టాయన పెద్ద మిషనులో కరెంటు బాగా తగ్గించి పెట్టాడు. ముట్టించగానే గొట్టానికి వేలు పట్టేంత చిల్లు పడింది. ఆయన నీళ్ళు నమిలాడు. ఇంకోటి, అన్నిట్లోకీ చవకది, తెచ్చాడు. దానికి ఒకటే మర, కరెంటూ, గన్నులోంచి వచ్చి కరిగే తీగ వేగమూ కలిపి దాంతోనే తిప్పాలి. అది కాసేపు దగ్గి, కాసేపు తుమ్మి, అతుకు మీద గుత్తులు గుత్తులుగా ఇనుము కక్కింది. అప్పుడు అక్క కింది అరలో దుమ్ము పట్టి ఉన్న చిన్నదాన్ని చూపించింది. "దానికి మరలు రెండున్నాయి. అది తియ్యండి."

"గ్యాసు సిలిండరు అక్కర్లేని రకమమ్మా. తీగలోనే పొడి ఉంటుంది. కానీ చిన్నది, నూట నలభయ్యే."

అక్క ముసుగు తగిలించుకుని గన్ను చేతిలోకి తీసుకుంది. "అమ్మగారే చేస్తారా?" అని కొట్టాయన నా చెవిలో అడిగాడు. "నేను చేస్తే మీ కొట్టు తగలబడుతుంది," అన్నాను.

ఒక మర కొంచెం, రెండో మర కొంచెం తిప్పుతూ ముక్క మీద ముక్క అతికింది. కుట్టుమిషనుకి కుట్టు పొడవు ఒక చోట, దారం బిగువు ఒక చోట సరిచేసుకున్నట్టే సరిచేసుకుంది. నాలుగోసారికి చప్పుడు మారింది, నూనెలో ఏదో సన్నగా వేగుతున్నట్టు. "ఆఁ, ఇప్పుడు కుదిరింది," అంది. ముక్కని తిప్పి వెనకపక్క చూసింది, రవిక కుట్టాక తిరగేసి చూసినట్టు. ఆ తర్వాత సుత్తి అడిగి పుచ్చుకుని నాలుగు దెబ్బలు వేసింది. గొట్టం సొట్టపోయింది గానీ అతుకు ఊడలేదు. కొట్లో కుర్రాళ్ళు ముక్కున వేలేసుకున్నారు.

"ఇది పది నిమిషాల్లో రెండు నిమిషాలే మండుతుంది. తర్వాత చల్లారాలి," అని నేను పెట్టె మీద రాసింది చదివి పెద్దరికంగా చెప్పాను.

"నేను ఒక్కో అతుకూ రెండు అంగుళాలు వేసి ఊపిరి పీల్చుకుంటాను. అదీ పీల్చుకుంటుంది. మన పెద్ద ప్లగ్గుకి ఆగుతుందా, అది చెప్పు."

ఆగుతుంది. రెండొందల యాభై దాన్ని ఆ ఇంట్లో పెడితే ఇల్లంతా చీకటే. ఆ మాట, అదేదో మొదటినుంచీ నేను చెబుతున్నదే అయినట్టు చెప్పాను. ధర కూడా పెద్దదాంట్లో సగం లేదు.

ఇంటికి తెచ్చాక బిగించే పని నేనే మీదేసుకున్నాను. గుడ్డపీలికలన్నీ ముందుగదిలోకి మారిపోయాయి, అక్క వెనక వరండా రెండుసార్లు ఊడ్చింది, నీళ్ళ బకెట్టు పెట్టింది. నేను గన్ను వైరు ప్లస్సుకి బిగించి, "కానీ," అన్నాను. అది అతకడానికి బదులు నలుదిక్కులా రవ్వలు చిమ్మింది. నేను కొట్టువాణ్ణి తిట్టడం మొదలుపెట్టాను. అక్క కళ్ళజోడు పెట్టుకుని మిషను తలుపు లోపల అంటించిన కాగితం చదివి, "ఒరేయ్, ఈ తీగకి గన్ను మైనస్‌కి పెట్టాలని రాసుంది," అంది.

కుర్చీలోంచి నవ్వు వినపడింది. బావ! ఎన్నో నెలల తర్వాత! "ఇన్నేళ్ళూ ఊళ్ళో దీపాలు ఎలా వెలిగాయిరా ఫ్యూజూ?"

మామూలుగా అయితే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. ఆరోజు ఇంకో రెండు వైర్లు తప్పుగా పెడదామా అనిపించింది.

మూడు వారాలు పనిచేసింది అక్క. ముందు అక్కడక్కడా చుక్కలు వేసి కచ్చాగా నిలబెట్టడం, వంకర లేదని చూసుకోవడం, ఆ తర్వాతే పూర్తిగా అతకడం. అతికిన చోటల్లా నన్ను కూచోబెట్టి ఎగరమంది. నేను ఎనభై నాలుగు కిలోలు. నా జన్మకి ఆ బరువు ఒక్కసారి పనికొచ్చింది. చక్రాలు కొత్తవి, హ్యాండిలూ గంటా బావ పాత సైకిలువి. బ్రేకు ఎడమచేతికి మార్చింది. కుడి పెడలుకి పాదాన్ని పట్టి ఉంచే పట్టీ కుట్టింది.

ఆదివారం పొద్దున బావని కూచోబెట్టాం. కుడిపాదం పెడలుకి అందలేదు, గాలిలో ఊగింది. హ్యాండిలు అందుకోబోయి ముందుకి వంగాడు, చెయ్యి చాలక పక్కకి జారిపోయాడు. నేను పట్టుకోకపోతే పడేవాడే. ఆయన మొహం చూడలేకపోయాను.

"చాల్లే. తీసెయ్యండి," అని గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

అక్క కొలతల పుస్తకం తెచ్చి చూసుకుంది. మొదటి పేజీ బావది. ఆ పేజీ మీద తారీఖు చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. "పదిహేనేళ్ళ నాటివా? మళ్ళీ కొలవలేదా? పోయిన నెల కుట్టించుకున్నవాళ్ళని కూడా నిలబెట్టి మళ్ళీ కొలుస్తావే! నువ్వు దర్జీవేనా?"

అక్క తలెత్తలేదు. "ఆయన కొలతలు నాకు కంఠతా వచ్చురా," అంది. పుస్తకం మూసి, "టేపు పెడితే ఎంత తగ్గిపోయాడో తెలిసిపోతుంది కదా. ప్యాంటు నడుం దగ్గర పిన్నీసు పెట్టేది నేనే. అయినా కొలవలేదు. భయమేసింది," అని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అంత మనిషి, సుత్తితో గొట్టాలు సొట్టలుపెట్టే మనిషి. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

తలుపు తెరుచుకుంది. బావ కర్ర పట్టుకుని వచ్చి వరండా మధ్యలో నిలబడ్డాడు. కర్ర నా చేతికిచ్చి, ఎడమచెయ్యి నా భుజం మీద వేసి, "టేపు తే," అన్నాడు.

అక్క తెచ్చింది.

"కుడిచెయ్యి ఇంతవరకే చాపగలను. ఇంతే రాసుకో. కాలు ఇంతకంటే తిన్నగా రాదు. ఉన్నది ఉన్నట్టు రాయి."

అక్క కొలిచింది. చెయ్యి నాలుగంగుళాలు తక్కువ, కాలు మూడు, కుడిభుజం ఒకటిన్నర అంగుళం కిందికి. ఆవిడ ఒక్కో అంకెకీ టేపు రెండోసారి పెట్టి చూసుకుంది, ఆయన మాత్రం కళ్ళద్దాల సరుకు లెక్క అప్పజెబుతున్నట్టు నిలబడ్డాడు. కొత్త పేజీ అయ్యాక పెన్సిలు అడిగి, ఆ సగం చేత్తోనే పాత పేజీకి అడ్డంగా గీత కొట్టాడు.

మిగిలినదంతా అక్క రెండు రోజుల్లో చేసింది. అతికిన చోటే కోసి, పల్చటి గొట్టాన్ని పొట్టి చేసి, చిల్లు పడకుండా మళ్ళీ అతికింది. నేను కోరిన పెద్ద మిషనైతే గొట్టం ఈపాటికి జల్లెడ అయ్యేది. ఈ ముక్క ఆవిడ అనలేదు, నాకే తోచింది. ఈసారి పాదం అందింది, చెయ్యి అందింది. వారం రోజులు సందులోనే గోడ వారన ముందుకీ వెనక్కీ తొక్కాడు.

ఎనిమిదో రోజు సందు చివరికి వెళ్ళి, వెనక్కి తిరక్కుండా, "ఎవరూ వెంటరావద్దు," అని పెద్ద వీధిలోకి తిరిగిపోయాడు. నేను పరిగెత్తబోయాను. అక్క నా చొక్కా పట్టుకుని ఆపింది. "వద్దన్నాడుగా." అంది గానీ, చొక్కా వదల్లేదు. పావుగంటయింది. అరగంటయింది.

గంట మోగింది. ముందు గంట, తర్వాత మనిషి. చెమటలు కారుతున్నాయి, చొక్కా వీపుకి అంటుకుపోయింది. మెల్లగా తొక్కుకుంటూ వచ్చి అక్క ముందు ఆపాడు. ముందుబుట్టలో ఒక అట్టపెట్టె ఉంది, వెల్డింగ్ తీగ చుట్ట. మిషను కొన్న కొట్టు దాకా వెళ్ళొచ్చాడు!

"తీగ అయిపోయిందన్నావు కదా," అన్నాడు. ఎడమచేత్తో పెట్టె తీసి ఇచ్చాడు. "విప్పి చూసుకో. మూల కూడా నలగలేదు."

అక్క విప్పి చూసింది. అటూ ఇటూ తిప్పి చూసింది. బావ జేబులోంచి బిల్లు కాగితం తీసి చాపాడు, కదలకుండా కూచున్నాడు.

"సంతకం పెట్టాలమ్మా."

అక్క చెవి మీది పెన్సిలు తీసి సంతకం పెట్టింది.