దేవవ్వ పసుపు గొర్రెపిల్లలు

మెట్‌పల్లి వారపు అంగడిలో ఎండుచేపల వరుస దాటితే గోనెసంచి పరుచుకుని దేవవ్వ కూర్చునేది. ఆమె ముందు అరచేతిలో పట్టేంత గొర్రెలు, మేకలు, కుందేళ్లు ఉండేవి. లోపల గుడ్డముక్క లేదు, పుల్ల లేదు. అంతా ఉన్నే.

ఆమె భర్త గొంగళ్లు నేసేవాడు. మిల్లు దుప్పట్లు వచ్చాక గొంగడి అడిగేవాళ్లు తగ్గారు, ఆయన పోయాక మగ్గం విప్పేశారు. కొడుకు కైలాసం బొచ్చు గొర్రెలన్నీ అమ్మేసి, మాంసానికి పనికొచ్చే ఎర్ర గొర్రెలు కొందామన్నాడు. దేవవ్వ పదకొండు తెల్ల గొర్రెలను మాత్రం అమ్మనివ్వలేదు. రంగు తెల్ల ఉన్నికే పడుతుంది. బొమ్మలు అమ్ముడుపోయినన్నాళ్లు వాటి జోలికి రానని కైలాసం ఒప్పుకున్నాడు.

1986లో నేను సైన్సు టీచరుగా అక్కడికి వచ్చాను. మా పాప నర్మదకు అప్పుడు ఏడు నెలలు. ఒకరోజు గొర్రెలు కాచేవాళ్లుండే కురుమవాడకు వెళ్లి దేవవ్వ పని చూశాను. మోదుగు పూలతో, దానిమ్మ తొక్కలతో, పసుపుతో ముందే రంగెక్కించిన ఉన్నిని వదులుగా ఉండ చేసి, వేడి కుంకుడు నురగ చల్లి, అరచేతుల మధ్య దొర్లిస్తూనే ఉంది. చాలాసేపటికి ఆ మెత్తటి ఉండ బిగుసుకుని, గోరుతో గిల్లినా పోగు ఊడనంత గట్టిపడింది.

"నోట్ల పెట్టుకున్నా ఏం కాదా అవ్వా?"

"నా కొడుకు గివే నాకి పెరిగిండు. సూడు, ఎద్దు లెక్కున్నడు. తెలివే జర తక్కువ."

లోపలి నుంచి కైలాసం ఏదో గొణిగాడు. నేను నవ్వి పసుపు గొర్రెపిల్లను కొన్నాను.

వారం తిరిగేసరికి నర్మదకు విరేచనాలు పట్టుకున్నాయి. భయంతో ఇంట్లో పాప ముట్టిన ప్రతి వస్తువునూ బట్టల సోడా వేసి మరిగించాను. గొర్రెపిల్లను వేయగానే అది రక్తంలా ఎర్రబడింది. నీళ్లూ ఎర్రబడ్డాయి. లోపల బజారు రంగు, పైన పసుపు పూత అనుకున్నాను. నా బిడ్డ వారం రోజులు దాన్ని చప్పరించింది.

అంగడి రోజున దాన్ని అందరి ముందూ దేవవ్వ ఒళ్లో పడేశాను.

"ఇదేనా నీ పసుపు? పసిపిల్లల నోట్ల విషం పెడ్తవా?"

ఆమె దాన్ని తిప్పి చూసింది, వాసన చూసింది. "దేంట్ల ఉడకబెట్టినవ్ బిడ్డా?"

"నీళ్లల్ల."

సోడా అంటే నాకు శుభ్రత. అది చెప్పాల్సిన విషయమని అనిపించలేదు.

"పసుపుకు సున్నం తాకితే ఎర్రగైతది. గసుంటిదేమన్న..."

"సున్నం ఎందుకేస్త? నాకు చెప్తున్నవా? నేను సైన్సు చదువుకున్న."

మా పక్కింటి బాలలక్ష్మి అప్పుడే ఎంచుకున్న కుందేలును కింద పెట్టేసింది. "గంత సదువుకున్నామె చెప్తుంటే ఒప్పుకోదు సూడు ముసల్ది" అంది.

విరేచనాలు పాలసీసా వల్లనని డాక్టరు రెండు రోజుల తర్వాత చెప్పాడు. ఆ మాట అంగడిలో చెప్పాలని నాకు తోచలేదు. దేవవ్వ దగ్గర ఇక ఎవరూ ఆగలేదు.

నెల తర్వాత ఏడో తరగతిలో ఆమ్లాలు, క్షారాల పాఠం. పసుపు కాగితం మీద సోడా నీళ్లు వేశాను. కాగితం ఎర్రబడింది, పిల్లలు చప్పట్లు కొట్టారు. అంతకుముందు పాత బడిలో మూడేళ్లూ ఇదే పాఠం, ఇదే కాగితం. కుంకుడు క్షారం కాదు కాబట్టి ఆమె చేతిలో పసుపు పసుపుగానే ఉండేదని, నా సోడాలోనే ఎర్రబడిందని అప్పుడు లెక్క కట్టాను.

ముందు బాలలక్ష్మికి చెప్పాను. ఆమె పకపకా నవ్వింది. "అప్పుడు విషం, ఇప్పుడు పసుపా? ముసల్ది నీ కాడికొచ్చి ఏడ్చిందా ఏంది?" అంగడిలో మరో నలుగురికి చెప్పాను. తలూపి కూరగాయల వైపు వెళ్లిపోయారు. దేవవ్వ కూర్చునే చోట ఎవరో చీపుర్లు పెట్టుకున్నారు.

నర్మదను చంకనేసుకుని కురుమవాడకు వెళ్లాను. దొడ్లో బొచ్చులేని ఎర్ర గొర్రెలు ఉన్నాయి.

"తెల్లయి ఆదివారమే లారీ ఎక్కినయ్ టీచరమ్మా" అన్నాడు కైలాసం. "అవ్వ రెండు దినాలు తినలే."

దేవవ్వ అరుగు మీద ఒళ్లో బీడీల చాట పెట్టుకుని కూర్చుంది. నేను సోడా సంగతి మొత్తం చెప్పాను.

"గప్పుడే అడిగిన గదా బిడ్డా" అంది చివరికి.

"మళ్లీ తెల్లగొర్రెలు కొందాం అవ్వా. నేను తిరిగి దేవులాడుత."

"యాడున్నయ్? ఈ చుట్టుపక్కల గవే ఆఖరివి."

నర్మద ఆమె వైపు వంగి చేతులు చాపింది. దేవవ్వ తన రెండు చేతులూ వెనక్కి లాక్కుంది. "వద్దు తల్లీ, పొగాకు చేతులు."

అప్పటికే నేను ఒక అడుగు వెనక్కి వేశాను. అది ఆమె చూసింది. ఇంకో బీడీ ఆకు తీసి కత్తిరించింది. పోయేదాకా, ఆరేళ్లు, బీడీలే చుట్టింది.