ఆకుపచ్చ మేత

అందరూ అతన్ని ఎలుకల మామ అంటారు. పదిహేడేళ్లుగా పరిశోధనశాలలో ఎలుకలకు మేత వేయడం, బోనులు కడగడం అతని పని. చదువు అయిదో తరగతితో సరి. ఏ ఎలుకకు ఒంట్లో బాగాలేదో మాత్రం దాని బొచ్చు చూసి చెప్పేస్తాడు.

పక్క గదిలో ఓ అమ్మాయి పేగు రోగాలకు మందు కనిపెట్టే పనిలో ఉంది. ఎర్రగా మెరిసేలా మార్చిన బాక్టీరియాను ఎలుకల పేగుల్లోకి పంపుతుంది. తర్వాత వాటికి మత్తిచ్చి, పొట్ట మీద అమర్చిన చిన్న గాజు కిటికీలోంచి పెద్ద మైక్రోస్కోపుతో చూస్తుంది. తన మందు పనిచేస్తే ఆ ఎర్రచుక్కలు తగ్గాలి.

ఆ పొద్దున ఆమె తెర ముందు తల పట్టుకుని కూర్చుంది.

"ఏమ్మా, అలా డీలా పడ్డావ్?"

"చూడు మామా, పేగంతా ఎర్రగా వెలిగిపోతోంది. రెండేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరే. ఈ మందు పనికిరాదని మధ్యాహ్నం పెద్దసారుకి చెప్పేస్తా."

"ఎప్పట్నుంచి ఇలా?"

"సోమవారం నుంచి."

అతనికి వెంటనే మేత గుర్తొచ్చింది. ఆమె ఎలుకలకని ప్రత్యేకంగా తెప్పించిన తెల్ల మేతను అవి వాసన చూసి వదిలేస్తున్నాయి, చిక్కిపోతున్నాయి. జాలిపడి సోమవారం నుంచి గడ్డి కలిసిన ఆకుపచ్చ బిళ్లలు వేశాడు. మారింది అదొక్కటే. అతని మీద ఇప్పటికే ఒక మెమో ఉంది. ఇంకోటి వస్తే ఉద్యోగం ఊడినా ఊడుతుంది.

బకెట్ పట్టుకుని తలుపు దాకా వెళ్లి, వెనక్కి తిరిగాడు.

"అమ్మా, నీ ఎలుకలకు ఆకుపచ్చ మేత వేస్తున్నా."

ఆమె దిగ్గున లేచింది. "మామా! ఈ లైటు కింద ఆకు కూడా ఎర్రగానే వెలుగుతుంది! అందుకేగా తెల్లది తెప్పించింది!"

"తెల్లదే వెయ్యమన్నారు గానీ, ఎందుకో చెప్పిందెవరమ్మా?"

ఆమె పెద్దసారు దగ్గరికి వెళ్లడం మానేసింది.

తెల్ల మేతను నీళ్లతో కాస్త తడిపి పెడితే ఎలుకలు తిన్నాయి. నాలుగు రోజుల తర్వాత ఆమె అతన్నే పిలిచి తెర చూపించింది. మందు వేయని ఎలుక పేగులో చుక్కలు చీమల బారులా ఉన్నాయి. మందు వేసినదాంట్లో అక్కడొకటి, ఇక్కడొకటి.

మేత మార్చిన సంగతి తెలిసి అతని సూపర్‌వైజర్ మాత్రం వదల్లేదు. మెమో ఇచ్చాడు. ఆ అమ్మాయి వెళ్లి గట్టిగా మాట్లాడాక ఉద్యోగం తీయకుండా, రెండు నెలలు సీసాలు కడిగే గదికి మార్చాడు.

"నోరు మూసుకుని ఉంటే సరిపోయేదిగా!" అంది ఇంట్లో భార్య.

"మూసుకుంటే ఆ పిల్ల మంచి మందు పారేసేదే" అని అతను కాళ్లు కడుక్కోవడానికి వెళ్లాడు.