సీటు మీది పత్రిక

శ్రావణ శనివారం, ఉదయం ఏడుంబావు, నల్లగొండ బస్టాండులో సన్నని ముసురు. రామన్నపేటలో మా కవి మిత్రుని సంస్మరణ సభ. ఆయన నడిపిన చిన్న పత్రికను ఎందరు చదివారో చెప్పే బాధ్యత నాది. చందా కట్టడం చదవడం కాదు. అచ్చుతప్పులు దిద్దిన నేను తప్ప, చదివినట్లు రుజువున్నవారు అప్పటికి దొరకలేదు.

కిటికీలోంచి చేతిరుమాలు సీటు మీదికి విసిరి బస్సెక్కాను. రుమాలు కింద ఆ పత్రికే ఉంది.

"జరుగు పెద్దయ్యా, గా పుస్తకం నాది. నీకంటె ముందుగాల్నే ఏసిన," అన్నది చీరల మూటతో వచ్చిన ఒకామె.

"సీటు కోసం పత్రిక వేస్తారా?"

"గీ పుస్తకం అచ్చేసే సారే నేర్పిండు. నీలెక్క దస్తీ ఏస్తే జరిపి కూసుంటరు, కవిత్వమేస్తే ఎవ్వలు ముట్టరు."

ఆయన పోయాక నేను నవ్వడం అదే మొదలు. "చదివావా అమ్మా?"

ఆమె చివరి పేజీ కవిత చూడకుండా అప్పజెప్పింది. ఒక్క అక్షరం తప్పలేదు. తరువాత నాకు సగం సీటు ఇచ్చి, "సారు నీకెరుకున్నట్టుంది, కనవడితె చెప్పు, గిది నలిగిపోయింది, కొత్తది పంపుమను," అన్నది.

నా సంచిలోని ప్రతి తీసి, సారు పంపినట్లే ఆమె చేతిలో పెట్టాను.

సభలో పాఠకుల తుది సంఖ్య ప్రకటించాను: ఇద్దరు.