ఆయన కొట్టించిన గాలి

మోటార్‌సైకిల్ టైర్లో గాలెంతుందో ఫోన్లో కనబడుతుందని నీకెవరు చెప్పారు అమ్మమ్మా అని అడిగావుగా చిన్నీ. ఘాజియాబాద్ స్టేషన్ వెయిటింగ్ రూమ్‌లో ఒకామె చెప్పింది.

నా పక్కన కూర్చున్న ఆమె ఫోన్ మాటిమాటికీ కీచుమంటోంది. తెలుగులో విసుక్కుంటే పలకరించాను. తలుపు బయట, రైల్లో పార్సిల్ వేయడానికి గోనెపట్టా చుట్టి నిలబెట్టిన మోటార్‌సైకిల్ చూపించింది. గాలి నింపేచోట మూతలకు బదులు చిన్న యంత్రాలు బిగించారట. గాలి తగ్గితే దగ్గరున్న ఫోన్‌కి అవే చెబుతాయట.

"ముందు టైరు ఇరవై ఒకటికి దిగిందాంటీ. ముప్ఫై ఉండాలి."

ఇంతలో పార్సిల్ కూలీ వచ్చాడు. "దీదీ, బండి కదలట్లేదు. పంపు తెచ్చి హవా కొట్టేస్తా" అన్నాడు హిందీలో.

"వద్దు భయ్యా. నేనూ ఒక చెయ్యి వేస్తాను, మెల్లిగా తోద్దాం."

"గాలే కదమ్మా, కొట్టించుకోరాదూ" అన్నాను.

ఆమె ఫోన్ని కొంగుతో తుడిచింది. "ఆయన పోయే ముందురోజు కొట్టించారు. బట్టలన్నీ ఎవరెవరికో ఇచ్చేశాను, క్వార్టరూ ఖాళీ చేశాను. ఈ గాలొక్కటే ఉందాంటీ."

రైలు రాగానే కూలీతో పాటు వంగి బండి తోసుకుంటూ వెళ్ళింది. ఆ కీచుచప్పుడు జనంలో కలిసిపోయేదాకా వింటూ కూర్చున్నాను.

మీ తాతయ్య పోయాక, ఆయన వేసిన బ్యాటరీ అయిపోయి గోడ గడియారం ఆగినప్పుడు, నేను ఆ సాయంత్రమే కొత్తది వేసేశాను.

ఆమె ఆ టైరుకి ఎప్పటికైనా గాలి కొట్టించిందంటావా?