జాకీ కింద ముగ్గు

2024లో తిరుపతిలో చేసిన పని ఇది. రేణిగుంటకు పోయే దారిలో ఒక అపార్ట్‌మెంటు. కింద పార్కింగు, పైన ఐదంతస్తులు, మొత్తం ఇరవై ఫ్లాట్లు. నేను స్ట్రక్చరల్ ఇంజనీరుని. కట్టడం ఎంత బరువు మోయగలదు, ఎక్కడ నీరసించింది, రిపేరు చేశాక మనుషులు మళ్ళీ ఉండవచ్చా లేదా అన్నది చూసి సంతకం పెట్టడం నా పని. ఇల్లు కట్టిన ఇంజనీరుకు గృహప్రవేశం నాడు శాలువా కప్పుతారు. నన్ను చూస్తే మాత్రం పళ్ళు పీకే డాక్టరు వచ్చినట్టు మొహాలు పెడతారు. దానికి నేను అలవాటు పడ్డాను.

ఈ విద్య నేను నేర్చుకున్నది చెన్నైలో, సముద్రానికి ఎదురుగా ఉన్న అపార్ట్‌మెంట్లలో. అక్కడ ఉప్పుగాలి మెల్లగా కాంక్రీటులోకి దిగి లోపలి కమ్మీని తినేస్తుంది. తుప్పు పట్టిన కమ్మీ ఉబ్బి, పైనున్న కాంక్రీటును పెచ్చులు పెచ్చులుగా ఊడగొడుతుంది. తిరుపతికి వచ్చేసినప్పుడు, ఇక్కడ సముద్రం లేదు కదా, ఇక నాకు పనేముంటుంది అనుకున్నాను. తీరా చూస్తే ఉప్పు బోరు నీళ్ళలో ఉన్నా చాలునని తెలిసింది. ఈ అపార్ట్‌మెంటులో సంపు పక్కనున్న మూల స్తంభం, కారే పైపు కింద ఏళ్ళ తరబడి నానింది. నన్ను పిలిచేనాటికి స్తంభం అడుగున కమ్మీలు చీపురుపుల్లల్లా బయటికి కనిపిస్తున్నాయి.

రిపేరు పద్ధతిని జాకెటింగ్ అంటాం. పాడైన కాంక్రీటు కొట్టేసి, తుప్పు గీకి, కొత్త కమ్మీలు కట్టి, పాత స్తంభం చుట్టూ కొత్త కాంక్రీటు తొడుగు పోస్తాం. ఆ తొడుగు గట్టిపడేదాకా పైబరువును, నేల నుంచి దూలం దాకా నిలువుగా ఆనించిన ఇనప గొట్టాలు మోయాలి. వాటిని మా మేస్త్రీలు జాకీలంటారు. ఆ మూలలో ఆరు జాకీలు పెట్టించాను. ఇరవై ఎనిమిది రోజులు కదపకూడదని రిపోర్టులో రాశాను. స్తంభం పైన ఒకదాని మీద ఒకటిగా ఉన్న ఐదు ఫ్లాట్ల వాళ్ళను ఖాళీ చేయించాను.

పని ఎప్పుడు మొదలుపెట్టాలన్నది అసోసియేషన్ సెక్రటరీ గోవిందస్వామిగారు తేల్చారు. ఆయన హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి. "ఆషాఢంలో పెట్టుకుందాం మేడం. ఎవురింట్లోనూ శుభకార్యాలుండవు, పార్కింగు ఖాళీగా ఉంటాది" అన్నారు. భేషుగ్గా ఉందన్నాను. కాంక్రీటు పోసేసరికి ఆషాఢం సగం దాటింది. ఇరవై ఎనిమిది రోజులు ఏ నెలలో పడతాయో వేళ్ళు మడిచి చూసుకోలేదు. ఆయనా చూసుకోలేదు.

గడువు ముగిసిన మర్నాడు తనిఖీకి వెళ్ళాను. గేటు దగ్గరే మునెమ్మ ఎదురొచ్చింది. ఆమెది సరిగ్గా ఆ స్తంభం మీదుండే మొదటి అంతస్తు ఫ్లాటు. అంగన్‌వాడీలో ఆయాగా చేసి మానేసింది. భర్త లేడు, ఒక్కతే కూతురు భార్గవి. ఖాళీ చేసినప్పటి నుంచి మునెమ్మ తమ్ముడి ఇంటి మేడ మీద గదిలో ఉంటోంది. చేతిలో కొత్త చీపురు, చంకలో ఇత్తడి గిన్నె.

"రేపు శుక్రవారం మేడమ్మా. నువ్వు సంతకం పెడితే తెల్లారి పాలు పొంగిచ్చుకుంటా. ఐరాలలో అత్తగారింటి నుంచి బిడ్డను పిలుచుకోనొస్తా. తొమ్మిదో నెల. తమ్ముడింట్లో ఇనప మెట్లు నిట్టనిలువుగా ఉండాయి, నిండుచూలాలు యాడ ఎక్కతాది?"

"చూసి చెప్తానక్కా" అన్నాను. ముందే మాట ఇవ్వడం మా వృత్తిలో మంచిది కాదు. కానీ ఆ గిన్నె చూశాక, అంతా బాగుంటే బాగుండునని నాకూ అనిపించింది.

మొదట సుత్తి. కాంక్రీటును చిన్న సుత్తితో తట్టి చెవితో వినడం మా పరీక్షల్లో అన్నిటికంటే పాతది. మా నాయన పాకాల సెక్షన్‌లో రైల్వే కీమ్యాన్. పట్టాలు బిగించిన కీలు వదులయ్యాయేమోనని సుత్తితో తడుతూ రోజుకు మైళ్ళు నడిచేవాడు. "అది చెప్పేది విను, నువ్వు అనుకునేది కాదు" అనేవాడు. స్తంభం నాలుగు వైపులా తట్టుకుంటూ వచ్చాను. మూడు వైపులా ణంగుమంది. సంపు వైపు, భుజం ఎత్తు నుంచి పైకి, గుల్ల శబ్దం వచ్చింది. అక్కడే కొత్తగా రంగు కూడా వేసి ఉంది. నేను వెయ్యమనలేదు.

రీబౌండ్ హ్యామర్ తీశాను. స్ప్రింగుతో కొట్టి, ఎంత వెనక్కి తన్నుతుందో చూసి గట్టిదనం అంచనా వేసే పరికరం అది. కాంక్రీటు గట్టిగానే ఉంది. అంటే లోపం కాంక్రీటులో లేదు. మరి గుల్ల ఎందుకు? పాత స్తంభానికీ కొత్త తొడుగుకూ మధ్య ఏదో జరిగింది.

ఆలోచించుకుంటూ కిందకి చూశాను. పార్కింగు నేల మీద తెల్ల పెయింటుతో పెద్ద చుక్కల ముగ్గు వేసి ఉంది. నేనూ రోజూ వాకిట్లో ముగ్గేసేదాన్నే కాబట్టి కళ్ళు వాటంతటవే చుక్కలు లెక్కపెట్టాయి. పదిహేను చుక్కలు, సందుచుక్క ఎనిమిది దాకా. చివరి వరుసలో రెండు చుక్కలు లేవు. గీత ఒకటి తిన్నగా జాకీ అడుగుపలక కిందికి పోయి, అవతలి వైపు నుంచి బయటికి వచ్చింది. దాని పక్కనే రెండు వేళ్ళ దూరంలో, పలక అంతకుముందు నిలిచిన చోట చదరంగా తుప్పు మరక ఉంది.

జాకీలు పెట్టిన రోజు ఫోటోలు నా ఫోన్లో ఉన్నాయి. తీసి చూశాను. నేల బోడిగా ఉంది, ముగ్గు లేదు. ముగ్గు తర్వాత వచ్చింది. ముగ్గు మీదికి జాకీ ఇంకా తర్వాత వచ్చింది.

"ఈ జాకీలు ఎవరు తీసినారు?" అన్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. గొంతు పార్కింగంతా మోగింది. గోవిందస్వామిగారు కళ్ళద్దాలు తుడుచుకోవడం మొదలుపెట్టారు. రిపేరు చేసిన మేస్త్రీ, నా తనిఖీ కోసం వచ్చినవాడు, సంపు మూత వైపు తిరిగాడు.

మునెమ్మే ముందుకు వచ్చింది. చీపురు గోడకు ఆనించింది.

"నేనే తీపిచ్చినా మేడమ్మా. మూడే. బిడ్డకు సీమంతం చేసినాము. ఆషాఢంలో చెయ్యకూడదని పెద్దోళ్ళనిరి, శ్రావణం వచ్చేతలికి తొమ్మిదో నెల పడిపోయ. సొంత ఇల్లు పెట్టుకోని ఒకరింట్లో గాజులు తొడిగిచ్చేదానికి మనసొప్పలా. పైకి పోకూడదంటివి, పోలేదు. ఈడే కింద కుర్చీ ఏసినాము. ఆకులు పరిచేదానికి వరస మధ్యలో ఈ పైపులు అడ్డమొచ్చ. ఒక్క పూట తీసి, సాయంత్రానికి మళ్ళా పెట్టిచ్చినాము."

"నేను ఇరవై ఎనిమిది రోజులన్నాను కదా!"

"కడుపులో బిడ్డ నీ ఇరవై ఎనిమిది దినాలు ఆగతాదా?"

కోపం తగ్గలేదు. సెక్రటరీ వైపు తిరిగాను. "మీకు రిపోర్టు ఇచ్చినాను కదా సార్!"

"గ్రూపులో పెట్టినాను మేడం, పన్నెండు పేజీలూ పెట్టినాను" అన్నారాయన చిన్నగా. "ఇంగ్లీషులో ఉండాది, ఎవురు చదువుతారు? కాంక్రీటు పోసేదానికి స్తంభం చుట్టూ కట్టిన చెక్కలు విప్పేసినారు, చూస్తే రాయి మాదిరి ఉండాది. పని అయిపోయింది, మేస్త్రీ సామాను తీసుకుపోలేదు అనుకున్నాము."

మేస్త్రీ నోరు విప్పాడు. జాకీలు మళ్ళీ పెట్టింది అతనే. తర్వాత స్తంభం మీద సన్నగా వెంట్రుక మందాన బీట కనిపిస్తే, మేడం తిడుతుందని పుట్టీ పెట్టి రంగు కొట్టేశాడు. తిలా పాపం తలా పిడికెడు. అందులో నా పిడికెడు కూడా ఉందని నాకు అప్పుడే తెలిసింది. ఒప్పుకోవడానికి మాత్రం ఇంకొంతసేపు పట్టింది.

గోవిందస్వామిగారు నన్ను పక్కకు పిలిచారు. "మేడం, ఈ జాకీలు ఇంకో నెల ఇట్లే పెట్టుకుంటాము. మీరు సంతకం పెట్టేయండి. పాపం, ఆ బిడ్డ పురిటికి రావల్ల. మీకు మాకు తప్ప ఎవురికి తెలస్తాది?"

అబద్ధం ఎందుకు చెప్పాలి, ఒక్క క్షణం మనసు ఊగింది. మనిషి చెడ్డవాడు కాదు, అడిగింది తన కోసమూ కాదు. బీట సన్నది, కాంక్రీటు గట్టిది. కానీ సుత్తి చెప్పింది విన్నాక నేను అనుకునేది ఏమైనా ఒకటే. మేస్త్రీని పిలిచి, గుల్లగా పలికిన చోట అరచేతంత మేర చెక్కమన్నాను.

రెండు దెబ్బలకే పెచ్చు ఊడింది. లోపల పాత స్తంభానికీ కొత్త తొడుగుకూ మధ్య నల్లగా ఒక గీత. మేస్త్రీ సంచిలోంచి ఇనుము కోసే హాక్సా బ్లేడు తీసుకుని ఆ గీతలోకి తోశాను. సగం దాకా దిగింది. కొత్త తొడుగు ఇంకా పచ్చిగా ఉన్నప్పుడు మూడు జాకీలు తీసేస్తే, ఐదంతస్తుల బరువు కాస్త జరిగి దాని మీద వాలింది. పట్టు విడిపోయింది. పైకి చూస్తే స్తంభం లావుగా, కొత్తగా ఉంది. నిజానికి మోస్తున్నది మళ్ళీ ఆ తుప్పు తిన్న పాత స్తంభమే, తోడుగా ఎవరూ కదపని మూడు జాకీలు. తీసి పెట్టిన మూడూ సరిగ్గా బిగించనే లేదు.

మునెమ్మ దగ్గరకు వచ్చి బ్లేడు వైపు చూసింది. కొంచెం బయటికి లాగి, మళ్ళీ తనే తోసి చూసింది. "ఆ దినం ఈడనే కదా నా బిడ్డను కూర్చోబెట్టినాను" అంది. ఇత్తడి గిన్నె తీసుకుని గేటు దాటి వెళ్ళిపోయింది. ఆమె వీపు చూస్తూ నిలబడ్డప్పుడు నాకు కలిగిన బాధ కోపం కంటే పెద్దది. ఇరవై ఏళ్ళ అనుభవమని చెప్పుకుంటాను. జాకీ ఎందుకు పెట్టానో ఆ స్తంభం పైన కాపురముండే మనిషికి రెండు ముక్కలు తెలుగులో చెప్పలేదు.

ఆ సాయంత్రమే జాకీలు ఆరూ సరిగ్గా బిగించాం. సంపు వైపు తొడుగు కొట్టేసి మళ్ళీ పొయ్యాలని, మళ్ళీ ఇరవై ఎనిమిది రోజులని తేల్చాను. ఈసారి మిగతా ఫ్లాట్ల వాళ్ళందరినీ పార్కింగులో కూర్చోబెట్టి, బ్లేడు దిగిన చోటు చూపించి చెప్పాను. "ఎముక విరిగితే సిమెంటు కట్టు కడతారు కదా. నొప్పి తగ్గిందని మధ్యలో విప్పుకుంటే ఏమవుతుంది? అదే ఇక్కడ అయింది." పన్నెండు పేజీల రిపోర్టు చెప్పలేనిది అదొక్కటి చెప్పింది. ఒక ముసలాయన తన మోకాలు తడుముకున్నాడు.

కాంక్రీటు పోసిన మర్నాడు చూడబోతే మునెమ్మ నేల మీద కూర్చుని ఉంది. పక్కన పెయింటు డబ్బా. ప్రతి జాకీ అడుగుపలక చుట్టూ, పలక మీదికీ నేల మీదికీ కలిపి, చిన్న ముగ్గు వేస్తోంది.

"ఇదేందక్కా?"

"ఇంచు జరిపినా గీత తెగతాది. నువ్వు ముగ్గు సూసే కదా కనుక్కుంటివి? ఇంక ఎవురు ముట్టుకుంటారో నేనూ సూస్తా."

వారం వారం తమ్ముడింటి నుంచి ఆటోలో వచ్చి ఆరు ముగ్గులూ చూసుకుని పోయేదట. సెప్టెంబరు నడిమిలో భార్గవికి ఐరాలలో అత్తగారింట్లో ఉండగానే నొప్పులొచ్చాయి. చిత్తూరు ఆసుపత్రిలో ఆడపిల్ల. తొలికాన్పు పుట్టింట్లో జరగలేదని చుట్టాలు తలా ఒక మాట అన్నారు. మునెమ్మ ఆ సంగతి నాతో చెప్పేటప్పుడు నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే తేలిగ్గా ఉండేది.

గడువు ముగిశాక తనిఖీ చేశాను. ఆరు ముగ్గుల్లో ఒక్క గీత చెదరలేదు. సుత్తితో నాలుగు వైపులా, కింది నుంచి పై దాకా తట్టాను. అంతటా ఒకే ణంగు. ఆ శబ్దం వింటే ఎంత హాయిగా ఉంటుందో ఈ పని చేసేవాళ్ళకే తెలుస్తుంది. జాకీలు ఒక్కొక్కటే వదులు చేయించి, రెండు రోజులు ఆగి, మళ్ళీ చూసి, కాగితం మీద సంతకం పెట్టాను.

గోవిందస్వామిగారు కాగితం అందుకున్నారు. మునెమ్మ కాగితం వైపు చూడలేదు. తలుపు తాళం తీసి, పసిబిడ్డను ఎత్తుకున్న భార్గవిని గడప బయటే ఆపింది. నా వైపు తిరిగింది.

"నువ్వు ముందు పో మేడమ్మా. పొయ్యి ఆ మూలగదిలో కూసో. నువ్వు కూసున్నాక నా మనవరాలిని ఆడ పండబెడతా."

సరిగ్గా ఆ స్తంభం మీదుండే గది అది. నవ్వుతూనే అంది. కానీ పరీక్ష పరీక్షే. చెప్పులు విడిచి, కుడికాలు పెట్టి లోపలికి వెళ్ళి నేల మీద కూర్చున్నాను. భార్గవి వచ్చి నా పక్కనే దుప్పటి పరిచి బిడ్డను పడుకోబెట్టింది. వంటింట్లో పాలు పొంగిన వాసన వచ్చింది.

ఇప్పుడు నా తనిఖీ ఫారంలో తేమ, బీటలు, తుప్పు వీటన్నిటికంటే ముందు తెలుగులో ఒక ప్రశ్న ఉంటుంది. ఈ నెలా వచ్చే నెలా మీ ఇళ్ళల్లో శుభకార్యాలు ఏమున్నాయి? నా దగ్గర చేరిన కొత్త ఇంజనీర్లు నవ్వుతారు. నవ్వితే నవ్వనీ. వాళ్ళకు రెండో నియమం కూడా చెప్తాను. రిపేరు చేసిన స్తంభం పైగదిలో నేల మీద కాసేపు కూర్చోండి. అక్కడ ఒక పసిబిడ్డను మీ పక్కన పడుకోబెట్టుకోవడానికి మనసు ఒప్పితేనే కిందికి వచ్చి సంతకం పెట్టండి.